తొమ్మిదేళ్లుగా పొగ అలారం కింద

మా ఇంట్లో అయిదుగురం ఉంటాం. ఎవరి గది వారిది. వంటిల్లు, హాలు, మెట్లు అందరివీ. నేను వచ్చి తొమ్మిదేళ్లయింది. ఈ తొమ్మిదేళ్లలో పక్క గదుల్లోకి ఎందరో వచ్చారు, వెళ్లారు. పైకప్పుకు బిగించిన పొగ అలారాలను మాత్రం మొదటి నుంచీ చూసింది నేనొక్కదాన్నే. మొదటి రెండేళ్లు ఒక రకం, ఆ తరువాతి ఏడేళ్లు మరో రకం వాడాం. రెండింటి గురించీ నాకు తెలిసింది రాస్తున్నాను.

మొదట ఉన్నవి అయొనైజేషన్ రకం. వీటిలో అమెరీషియం-241 అనే రేడియోధార్మిక పదార్థం రవ్వంత ఉంటుంది. అది లోపలి గాలిని అయనీకరిస్తుంది, అంటే విద్యుత్ ఆవేశమున్న కణాలుగా మారుస్తుంది కాబట్టి సన్నని విద్యుత్ ప్రవాహం నడుస్తూ ఉంటుంది. పొగ చేరి ఆ ప్రవాహం తగ్గగానే అలారం మోగుతుంది. భగ్గున లేచే మంటను ఈ రకం త్వరగా పట్టేస్తుంది. వంటింటి పొగనూ అంతే త్వరగా పడుతుంది, మాకు చిక్కు వచ్చింది అక్కడే. వంటింటి గుమ్మానికి రెండడుగుల దూరంలో బిగించారు దాన్ని. పొయ్యి మీద మూకుడు కాస్త వేడెక్కితే చాలు, ఇల్లంతా హోరెత్తేది.

ఒకరోజు ఎందుకో అనుమానం వచ్చి టెస్ట్ బటన్ నొక్కాను. చప్పుడు లేదు. కుర్చీ ఎక్కి తిప్పి దించి చూస్తే బ్యాటరీ గడి ఖాళీగా ఉంది. ఎరుపు తీగ, నలుపు తీగ ఉత్తినే వేలాడుతున్నాయి. ఎవరు తీశారో, ఎన్నాళ్లయిందో ఎవరూ చెప్పలేకపోయారు. నిజానికి ఎవరినీ తప్పుపట్టాలనిపించలేదు. ప్రతి ఒక్కరూ దాని సంగతి మరొకరు చూసుకుంటున్నారనే అనుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఆ ఖాళీ డబ్బా కింద అయిదుగురం ఎన్ని రాత్రులు నిద్రపోయామో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇంటి యజమానితో మాట్లాడి మార్పించినవి ఫోటోఎలక్ట్రిక్ రకం. లోపల ఒక చిన్న కాంతిపుంజం ఉంటుంది, అది సెన్సర్ మీద పడకుండా పక్కకు పోతుంది. పొగ చేరితే కాంతి చెదిరి సెన్సర్‌ను తాకుతుంది, అలారం మోగుతుంది. పరుపు, బట్టలు, తీగల పైపొర మంట లేకుండా రాజుకునేటప్పుడు వచ్చే దట్టమైన పొగను ఇది ముందుగా పసిగడుతుంది. పడక గదులున్న ఇంటికి నేను చెప్పేది ఈ రకమే. ప్రతి గదిలో ఒకటి, హాలులో ఒకటి, మేడ మీద నడవలో ఒకటి పెట్టించాం. వంటింట్లో మాత్రం పొగకు కాకుండా వేడికి స్పందించే అలారం పెట్టాం. ఆ ఒక్క మార్పుతో ఉత్తుత్తి మోతలు దాదాపు ఆగిపోయాయి. అన్నీ రేడియో సంకేతాలతో ఒకదానితో ఒకటి కలిసి ఉన్నాయి, ఒకటి మోగితే అన్నీ మోగుతాయి.

ఆ ఏర్పాటు విలువ నాలుగో ఏట తెలిసింది. రాత్రి రెండు దాటింది. కింది గదిలో మంచం కింద ఎక్స్‌టెన్షన్ బోర్డు వేడెక్కి, దాని మీద పడి ఉన్న బట్టలు రాజుకున్నాయి. మంట లేదు, పొగ మాత్రమే. ఆ గదిలో అమ్మాయి గాఢనిద్రలో ఉంది. ఆమె అలారంతో పాటు మేడ మీద నా తల పైనున్నదీ మోగింది. మేము దిగి వచ్చేసరికి ఆమె తలుపు తీసుకుని బయట నిలబడి దగ్గుతోంది. పొగ వాసన వస్తే మెలకువ రాకుండా ఉంటుందా అని నేను అనుకునేదాన్ని. ఆమెకు ఏ వాసనా తెలియలేదట. నిద్రలో ముక్కు మీద నమ్మకం పెట్టుకోకూడదని ఆ రాత్రి అర్థమైంది.

లోపాలూ ఉన్నాయి. బ్యాటరీ లోపలే బిగించి ఉంటుంది, పదేళ్లు వస్తుందని పెట్టెమీద రాశారు. మా వాటిలో ఒకటి ఆరో ఏటే నిమిషానికోసారి కీచుమనడం మొదలుపెట్టింది. బ్యాటరీ మార్చే వీలు లేదు కాబట్టి మొత్తం పరికరమే మార్చాల్సి వచ్చింది. ఈ కీచు సరిగ్గా తెల్లవారుజామునే మొదలవుతుంది. ఇల్లు చల్లబడితే బలహీనపడిన బ్యాటరీ ఓల్టేజీ ఇంకా పడిపోతుంది మరి. పగలు ఆగిపోతే బాగైపోయిందని వదిలేయకండి. ఇంకో ఇబ్బంది, అన్నీ ఒకేసారి మోగుతుంటే మొదలుపెట్టింది ఏదో వెతుక్కోవాలి. మా రకంలో దాని దీపం వేగంగా మిణుకుతుంది, అది తెలియడానికి మాకు ఏడాది పట్టింది.

పోషణ పెద్ద పనేమీ కాదు. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కుతాం. ఆ బటన్ బ్యాటరీ, మోత పనిచేస్తున్నాయని చెబుతుంది కానీ పొగ వెళ్లే దారి తెరిచి ఉందని చెప్పదు. అందుకే కొన్ని నెలలకోసారి వ్యాక్యూమ్ క్లీనర్‌కు మెత్తని బ్రష్ తగిలించి చుట్టూ ఉన్న జాలీని శుభ్రం చేస్తాను. ఒకసారి అందులో సాలెపురుగు గూడు కట్టుకుని ఉంది. రెండు రోజులుగా కారణం లేకుండా మోగుతున్నది దానివల్లే. దాని మీద స్ప్రేలేవీ కొట్టకండి, రంగు వేయకండి. గోడలకు రంగులేసినప్పుడు మా నడవలోని దానికి ప్లాస్టిక్ కవరు చుట్టారు. పని పూర్తయిన పన్నెండు రోజులకు గానీ అది ఇంకా అలాగే ఉందని నేను చూడలేదు.

ఇప్పుడు మా ఇంటి కట్టుబాట్లు తలుపు వెనక రాసి అంటించాం. వంట పొగకు మోగితే కిటికీ తెరిచి, కాసేపు మోత ఆపే బటన్ నొక్కాలి. అంతకుమించి దాని జోలికి పోకూడదు. కీచు వినిపించిన రోజే యజమానికి రాతపూర్వకంగా చెప్పాలి. కొత్తగా వచ్చినవారికి మొదటి రోజే బటన్ నొక్కి మోత వినిపించాలి, బయటికి దారి చూపాలి. అద్దె ఇళ్ల చట్టాలు దేశానికో తీరుగా ఉంటాయి కాబట్టి పరికరం ఎవరిది, మార్చే బాధ్యత ఎవరిది అన్నది సంతకం పెట్టకముందే ఒప్పందంలో చూసుకోండి. ఇంట్లో ఎవరికైనా వినికిడి తక్కువైతే మెరిసే దీపం, దిండు కింద అదిరే పరికరం ఉన్న రకం అడగండి. మూడు మీటర్ల దూరంలో 85 డెసిబెల్స్ మోత కూడా మూసిన తలుపు అవతల బాగా తగ్గిపోతుంది. పొగ అలారం కార్బన్ మోనాక్సైడ్‌ను పట్టదు, గ్యాసో బొగ్గో మండే చోట దానికి వేరే అలారం ఉండాలి.

చివరగా తేదీ. పరికరం మార్చాల్సిన పదేళ్ల లెక్క బిగించిన రోజు నుంచి కాదు, వెనకవైపు ముద్రించిన తయారీ తేదీ నుంచి. మావి తయారైన ఏడాదికి బిగించారు. అంటే ఇంకా రెండేళ్లే ఉంది. యజమానికి ఇప్పుడే ఉత్తరం రాసి పెట్టాను. మళ్లీ ఇదే రకం కావాలని, నడవలో ఉండేది మాత్రం ఈసారి ఇంటి కరెంటుకు కలిపి, లోపల బ్యాటరీ కూడా ఉండే రకం కావాలని అడిగాను.