బాయిల్: ఊరికి నూరు మార్కులు, బసకి సున్నా

ఐర్లండ్‌లో సరస్సు పక్కన గది తీసుకునేవాళ్ళకి ముందే ఒక మాట. "లేక్ వ్యూ" అని రాసి ఉంటే, ఏ కిటికీలోంచి అని అడగండి. మాకు ఇచ్చిన గదిలో పెద్ద కిటికీ తెరిస్తే హీటింగ్ ఆయిల్ ట్యాంకు, దాని వెనక నిలువెత్తు చెట్ల కంచె. సరస్సు కనిపించేది బాత్రూం కిటికీలోంచి, అదీ కమోడ్ మూత మీద ఎక్కి నిలబడితే. మా ఆవిడ ఎక్కి చూసి, "ఉందండీ, అబద్ధం చెప్పలేదు" అని నవ్వుతూ దిగింది. ఆ రాత్రికి తను నవ్వడం అదే ఆఖరు.

ఊరు బాయిల్. రాస్కామన్ కౌంటీలో చిన్న సంత ఊరు. డబ్లిన్ శివారు లూకన్‌లో మా ఇంటి నుంచి కారులో రెండున్నర గంటల లోపే, టోల్ మూడు యూరోల చిల్లర. డబ్లిన్ మనవాళ్ళు గాల్వే, కిల్లార్నీ, మోహర్ కొండలంటూ వెళ్ళినచోటికే వెళ్తుంటారు కానీ ఇటు రారు. మేం రావడానికి కారణం మా అత్తగారు. ఆవిడది మదనపల్లె, చదివింది బిసెంట్ థియోసాఫికల్ కాలేజీలో. 1919లో టాగోర్ అక్కడికి వచ్చి "జనగణమన"ని ఇంగ్లీషులోకి మార్చడం, ఆ పాటకి కజిన్స్ దొరసాని స్వరాలు రాసుకోవడం ఆ కాలేజీలో చదివినవాళ్ళందరికీ తెలిసిన కథే. ఆ మార్గరెట్ కజిన్స్ 1878లో పుట్టింది ఈ బాయిల్‌లోనే. అత్తగారు ఫ్లైట్ దిగిన రోజు నుంచీ "ఆయమ్మ ఊరు చూపించు నాయనా" అని అడుగుతూనే ఉన్నారు.

ఇక బస సంగతి. ఊరి బయట ఒక ఇల్లు, ముగ్గురికి ఫ్యామిలీ రూం, రాత్రికి 145 యూరోలు. బుకింగ్‌లో ముగ్గురు పెద్దవాళ్ళు అని స్పష్టంగా ఉంది. తలుపు తీసిన ఇంటావిడ మమ్మల్ని లెక్కపెట్టి, మూడో మనిషికి ఇంకో 25 ఇవ్వాలంది. మా ఆవిడ ఫోన్ తీసి బుకింగ్ చూపించింది. "అది కంప్యూటర్ పెట్టిన రేటు, నాది కాదు" అని జవాబు. అప్పటికి శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నర. బయట వాన, అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. ఇంకో చోటు వెతుక్కునే ఓపిక ఎవరికీ లేదని ఆవిడకీ తెలుసు. కార్డు మిషన్ పనిచెయ్యట్లేదట, క్యాషే కావాలంది. 170 యూరోలు ఆవిడ చేతిలో పెట్టాం.

గదిలో ఎక్కడ చూసినా లామినేట్ చేసిన కాగితాలే. బట్టలు ఉతకరాదు, గదిలో తినరాదు, రాత్రి పది తర్వాత షవర్ వాడరాదు. పది కొట్టేసరికి హీటింగ్ కూడా ఆగిపోయింది. జూన్ నెలే అయినా ఆ ఊళ్ళో జూన్ అంటే మన డిసెంబర్ తెల్లవారుజాము. ఇంకో దుప్పటి అడిగితే ఇచ్చింది, దానికి డబ్బు అడగలేదు. ఆ మాట కూడా చెప్పాలి కదా.

మేం ముగ్గురం శాకాహారులమని బుక్ చేసిన రోజే మెసేజ్ పెట్టాను, "నో ప్రాబ్లం" అని జవాబు వచ్చింది. తెల్లారి టిఫిన్‌కి వచ్చింది మామూలు ఐరిష్ ప్లేటే, సాసేజీలూ బేకనూ తీసేసి. అవి తీసేసిన చోట నూనె మరక అలాగే ఉంది. అత్తగారు ప్లేటు పక్కకి జరిపి టీ, వట్టి బ్రెడ్డుతో సరిపెట్టుకున్నారు. నేను మాట్లాడబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. మా ఆవిడని మాత్రం ఎవరూ ఆపలేకపోయారు. రసీదు ఇస్తే గానీ కదలనని హాల్లో కూర్చుంది. పావుగంట తర్వాత ఒక పాత కవరు వెనక 170 అని రాసి సంతకం పెట్టి ఇచ్చింది ఇంటావిడ. ఆ కవరు ఫోటోతో సహా కంప్లయింట్ పెట్టాం, ఇంకా జవాబు లేదు.

ఆ కడుపుమంట చల్లారింది శనివారం సంతలో. కింగ్ హౌస్ అనే పాత భవనం ఆవరణలో పొద్దున జరుగుతుంది. పెద్దదేం కాదు. కూరగాయలు, చీజ్, జామ్‌లు, ఇంట్లో చేసిన బ్రెడ్డు. ఒకావిడ పెనం మీద బాక్స్‌టీ వేస్తోంది. పచ్చి బంగాళాదుంప కోరు, ఉడికించి చిదిమిన దుంప, మైదా, మజ్జిగ కలిపి కాల్చే రొట్టె అది. ఈ చుట్టుపక్కల కౌంటీల వంటకం. ఒక్కోటి 6.50. గుడ్డు వేస్తావా, పెనం మీద మాంసం ఏమైనా కాల్చావా అని అత్తగారు నా చేత అడిగించారు. ఆవిడ నవ్వి, పెనం తుడిచి మళ్ళీ వెన్న వేసింది. అంచులు కరకరలాడుతూ లోపల మెత్తగా, మన దిబ్బరొట్టెకి చెల్లెలులా ఉంది. అత్తగారు హ్యాండ్‌బ్యాగ్‌లోంచి మాగాయ డబ్బా తీసి, "ఉర్లగడ్డతో ఇంత రుచి వస్తుందా!" అంటూ రెండు తిన్నారు. మార్గరెట్ కజిన్స్ గురించి అడిగితే ఆ రొట్టెలావిడకి పేరు తెలుసు, ఆడవాళ్ళ ఓటు హక్కు కోసం జైలుకి వెళ్ళిందని కూడా తెలుసు. మదనపల్లె సంగతి మాత్రం తెలీదు. మా అత్తగారు చెప్పకుండా వదులుతారా? వెనక క్యూ పెరిగిపోతున్నా చివరిదాకా చెప్పే కదిలారు. ఒక్కరూ విసుక్కోలేదు.

కింగ్ హౌస్ లోపలికి కూడా వెళ్ళండి. 1730 ప్రాంతంలో కింగ్ కుటుంబం కట్టుకున్న భవనం. తర్వాత బ్రిటిష్ సైన్యంలోని ఐరిష్ పటాలం కన్నాట్ రేంజర్స్‌కి బ్యారక్స్ అయింది. 1920లో ఈ పటాలం సైనికులే జలంధర్‌లో, మా ఐర్లండ్‌లో ఇంగ్లీషు సైన్యం చేస్తున్న అన్యాయాలు చాలు అంటూ ఆయుధాలు పక్కన పెట్టేశారు. సోలన్‌లో వాళ్ళకి తోడుగా తిరగబడ్డ జేమ్స్ డేలీ అనే కుర్రాణ్ణి కాల్చి చంపారు.

1161లో మొదలైన బాయిల్ యాబీ అనే మఠం నది ఒడ్డున ఉంది. టికెట్ 5 యూరోలు, అత్తగారికి 4. ఇచ్చిన ప్రతి సెంటుకీ న్యాయం చేసింది. కట్టడం అరవై ఏళ్ళు సాగింది కాబట్టి మధ్యలో ఫ్యాషన్ మారిపోయింది. ఒక వరస తోరణాలు గుండ్రంగా, ఎదుటి వరస కోసుగా ఉంటాయి. స్తంభాల తలల మీద మనుషులు, జంతువులు చెక్కారు. తర్వాత ఇదీ సైన్యం చేతికే పోయి రెండొందల ఏళ్ళు కోటగా వాడుకున్నారట. గైడు కుర్రాడు మా అత్తగారి నడకకి తగ్గట్టు మెల్లగా తిప్పాడు. ఇలాంటివాడికి టిప్పు ఇవ్వబోతే తీసుకోలేదు.

లాఖ్ కీ ఫారెస్ట్ పార్క్ ఊరికి తూర్పున కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉంది, పార్కింగ్‌కి మాకు 4 యూరోలు అయింది. చెట్ల మధ్య ఎత్తుగా కట్టిన 300 మీటర్ల నడకదారి పిల్లలున్నవాళ్ళకి బాగుంటుంది. మాకు నచ్చింది సొరంగాలు. కింగ్ వంశం వాళ్ళ రాకింగ్‌హామ్ మహల్ ఇక్కడే ఉండేది, 1957లో కాలిపోయింది. పనివాళ్ళు రాకపోకలు సాగిస్తుంటే దొరల కంటపడకూడదని నేల కింద దారులు తవ్వించారు. లోపల నడుస్తూ అత్తగారు, "మనిషి వండింది కావాల, మనిషి కనబడకూడదు" అన్నారు. మహల్ స్థానంలో కట్టిన కాంక్రీట్ టవర్ అంత అందమైన సరస్సు పక్కన ఎవరికి నచ్చి కట్టారో నాకు అర్థం కాలేదు. గాలి ఎక్కువగా ఉందని ఆ రోజు పడవలు ఆపేశారు. నీళ్ళ మధ్యలో క్యాజిల్ ఐలండ్ మీది కోటని ఒడ్డు నుంచే చూశాం. మెక్‌డెర్మట్ రాజుల ద్వీపం అది. యేట్స్ కవి దాన్ని తన తాంత్రిక సంఘానికి ఆశ్రమం చేద్దామనుకున్నాడు గానీ, ఆ పని జరగలేదు.

ఊరు తప్పక చూడండి. రాత్రికి మాత్రం పావుగంట దూరంలో ఉన్న క్యారిక్-ఆన్-షానన్‌లో హోటల్ తీసుకోండి, అక్కడ ఎంచుకోవడానికి నాలుగు చోట్లు ఉంటాయి. చలికాలంలో మఠం మూసేస్తారు కాబట్టి వేసవిలో, శనివారం పొద్దున సంతకి అందేలా ప్లాన్ చేసుకోవాలి. కారు లేనివాళ్ళు డబ్లిన్ కానలీ స్టేషన్‌లో స్లైగో రైలు ఎక్కితే బాయిల్‌లోనే దిగొచ్చు. సరస్సుకి మాత్రం నడవడం కష్టం, ట్యాక్సీ ముందే మాట్లాడి పెట్టుకోండి.