లిమోజ్ పింగాణీతో చేసిన ఎల్‌ఈడీ దీపం: ఏడేళ్ళు వాడిన తరువాత

మేము ఫ్రాన్సులోని లియోన్‌లో స్థిరపడి పదేళ్ళు దాటింది. 2018 ఏప్రిల్‌లో పింగాణీకి పేరుపడిన లిమోజ్ నగరానికి సెలవులకు వెళ్ళినప్పుడు, అయిదుగురు పనివారున్న ఒక చిన్న కార్ఖానాలో బల్లదీపం ఒకటి కొన్నాము. ధర 420 యూరోలు. మా ఇంట్లో అంత ఖరీదు పెట్టి కొన్న దీపం మరొకటి లేదు. ఏడేళ్ళకు పైగా దాదాపు ప్రతి సాయంత్రం దానిని వెలిగించాము, మధ్యలో అది ఒకసారి పూర్తిగా ఆగిపోయింది, దానిని విప్పించి బాగుచేయించి మళ్ళీ వాడుతున్నాము. ఇటువంటి చేతిపని దీపాలు కొనాలనుకునేవారికి దుకాణంలో ఎవరూ చెప్పని విషయాలు కొన్ని ఈ క్రమంలో తెలిశాయి కనుక, వివరంగా రాస్తున్నాను.

ముందుగా వస్తువు సంగతి. 22 సెంటీమీటర్ల ఎత్తు, కింద కొంచెం వెడల్పుగా, పైకి పోనుపోను సన్నబడే తెల్లని పింగాణీ గొట్టం. దానికి లేత్ మీద తిప్పి చేసిన ఇత్తడి పీఠం, నూలు అల్లిక చుట్టిన తీగ. లోపల 6 వాట్ల ఎల్‌ఈడీ. పగటిపూట చూస్తే పింగాణీ మీద చెస్ట్‌నట్ ఆకులు ఎత్తుపల్లాలుగా, కొంచెం మొరటుగా కనిపిస్తాయి. లిమోజ్ చుట్టుపక్కల అడవుల్లో ఆ చెట్లు విరివిగా ఉంటాయి. దీపం వెలిగించగానే ఆ ఎత్తుపల్లాలు మాయమై, ఈనెలతో, మడతలతో, ఒకదాని వెనుక ఒకటిగా నీడలు పరచుకున్న ఆకుల గుబురు కనిపిస్తుంది. మా అమ్మ వచ్చిన మొదటి సాయంత్రం, "పగలు సున్నం గోడలా ఉందిరా, పొద్దుగూకితే ప్రాణం పోసుకుంటోంది" అన్నది. ఆ మాట కంటే బాగా నేను వర్ణించలేను.

ఈ పద్ధతిని ఫ్రెంచివారు లిథోఫని అంటారు. పాల్ ద బూర్గోయింగ్ అనే ఫ్రెంచి దౌత్యవేత్త 1827లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఇందులో రంగు అనేదే లేదు, బొమ్మ అంతా మందంలోనే ఉంటుంది. పింగాణీ పలుచగా ఉన్నచోట వెలుగు దూసుకువస్తుంది, మందంగా ఉన్నచోట నీడ నిలుస్తుంది. శిల్పి వెలుగు వచ్చే గాజు పలక మీద మైనాన్ని పరచి, ఆ వెలుగులో చూసుకుంటూనే చెక్కుతాడు, ఆ మైనం నుంచి ప్లాస్టర్ అచ్చు తీస్తారు. మన తోలుబొమ్మలాటలో కూడా వెలుగు వెనుక నుంచే వస్తుంది, అయితే అక్కడ బొమ్మను చూపించేవి తోలుకు అద్దిన రంగులూ పొడిచిన రంధ్రాలూను. ఇక్కడ మిల్లీమీటరులో నాలుగో వంతు తేడాతో ఒక ఆకు మరో ఆకు వెనక్కి పోతుంది. చిన్నప్పుడు తెరకు ఇవతల కూర్చుని బొమ్మలు చూసినవారికి ఈ దీపం ముందు కూర్చుంటే కలిగే ఆనందం కొత్తదేమీ కాదు.

కొన్న రోజున కార్ఖానాలో తయారీ అంతా చూడనిచ్చారు. మీగడంత చిక్కగా ఉన్న పింగాణీ ద్రవాన్ని అచ్చులో పోస్తారు, ప్లాస్టర్ దానిలోని నీటిని పీల్చుకుంటుంది, గోడకు తగినంత మందం కట్టగానే మిగిలినదాన్ని వంచేస్తారు. అచ్చు విప్పాక మిగిలే అతుకు గీతను ఒకామె తడి స్పంజితో తుడుస్తున్నది. ఒక్క ఆకు మీదుగా పోయే గీతకు ఆమె తీసుకున్న సమయం చూసి నాకు ధర గురించిన అనుమానం తీరిపోయింది. స్పంజి ఒక్కసారి ఎక్కువగా తిరిగితే ఈనె చెరిగిపోతుంది, తక్కువగా తిరిగితే దీపం వెలిగించినప్పుడు గీత నల్లగా కనిపిస్తుంది. ఆ తరువాత మొదటి కాల్పు వెయ్యి డిగ్రీల లోపున, రెండోది దాదాపు 1,400 డిగ్రీల దగ్గర. ఆ రెండో కాల్పులో మట్టి ఎంతగా కుంచించుకుపోతుందంటే, 26 సెంటీమీటర్లుగా అచ్చులోంచి వచ్చిన గొట్టం 22 సెంటీమీటర్లుగా బయటికి వస్తుంది. బట్టీలో ఒరిగిపోయినవి, నోరు వంకరపోయినవి ఒక మూలన గంపలో పడి ఉన్నాయి. చివరగా ఆమె ప్రతి గొట్టాన్నీ గోటితో మీటి విన్నది. ఖంగుమంటే బల్ల మీదికి, బొంగురుగా పలికితే గంపలోకి.

ఇంత ఓపికతో చేసిన దాని వెనుక ఎల్‌ఈడీ పెట్టడం సరైన పనేనా అని చాలామంది అడుగుతారు. నా అనుభవంలో అది సరైన పనే. పంతొమ్మిదో శతాబ్దంలో వీటి వెనుక కొవ్వొత్తులో నూనె దీపాలో ఉండేవి, వాటికి పొగ పోయే దారి కావాలి. 40 వాట్ల పాత బల్బును ఇంత ఇరుకైన గొట్టంలో పెడితే వేడికి పీఠాన్ని ముట్టుకోలేము. ఎల్‌ఈడీ వేడి తక్కువ కనుకనే రూపకర్తకు గోడను వెలుగుకు నాలుగు సెంటీమీటర్ల దూరం దాకా తీసుకురావడం సాధ్యమైంది, దీపానికి ఈ సన్నని నడుము వచ్చింది. అయితే ఎల్‌ఈడీకి ఒక గుణముంది. కొవ్వొత్తి మంటలా అన్ని వైపులా మెత్తగా పరచుకోకుండా చిన్న చిన్న చుక్కలుగా, ఎదుటికి మాత్రమే కొడుతుంది. ఆ చుక్కలు పలుచని పింగాణీ వెనుక ఉంటే ఆకుల మీద పొక్కుల్లా కనిపిస్తాయి. మా దీపంలో ఎల్‌ఈడీలకూ పింగాణీకీ మధ్య పాలతెలుపు గాజు గొట్టం ఒకటి అమర్చారు. దానివల్ల పైఆకు నుంచి కిందిఆకు దాకా వెలుగు ఒకే తీరున ఉండేది. మొదటి నాలుగేళ్ళూ ఈ దీపం ఇచ్చిన వెలుగుకు నేను వంక పెట్టలేను.

2022 నవంబరులో కథ మారింది. మొదట స్విచ్ వేశాక వెలగడానికి రెండు క్షణాలు తటపటాయించేది, వారం తిరగకుండా మిణుకుమిణుకుమనసాగింది, నెలాఖరుకు ఆరిపోయింది. రోజుకు నాలుగు గంటల లెక్కన అప్పటికి వెలిగినది సుమారు 6,500 గంటలు. పెట్టె మీద మాత్రం 25,000 గంటలని ఉంది. అటువంటి అంకె సాధారణంగా ఎల్‌ఈడీ చిప్ వెలుగు తొలినాటి దానిలో 70 శాతానికి పడిపోవడానికి పట్టే కాలాన్ని చెబుతుందని, దానికి కరెంటు అందించే డ్రైవర్ ఆయువును చెప్పదని నాకు అప్పుడే తెలిసింది. మా దీపంలో ఆ డ్రైవర్ ఇత్తడి పీఠం లోపల, గాలి కదలడానికి సందులేని చోట ఉంది. ఎల్‌ఈడీ తన ముందువైపు చల్లగానే ఉన్నా వెనుకవైపు వేడి పుట్టిస్తూనే ఉంటుంది. ఆ వేడికి డ్రైవర్‌లో కరెంటును నిలకడగా ఉంచే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ అనే భాగం నెమ్మదిగా ఎండిపోతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే దాని ఆయువు సగానికి తగ్గుతుందన్నది ఎలక్ట్రానిక్స్ పనివారందరికీ తెలిసిన లెక్క.

డ్రైవర్ పోవడం నాకు పెద్ద బాధ కాదు, అది పోయే వస్తువే. పింగాణీ గొట్టాన్నీ గాజు గొట్టాన్నీ ఎల్‌ఈడీ పలకనూ కలిపి పీఠానికి జిగురుతో అతికించేశారని తెలిసినప్పుడు మాత్రం నిజంగా కష్టం కలిగింది. కార్ఖానాకు రాస్తే మర్యాదగానే జవాబిచ్చారు. లోపలి ఎలక్ట్రానిక్ భాగం తాము తయారుచేసినది కాదని, తయారుగా కొన్నదని, ఆ నమూనా ఇప్పుడు దొరకడం లేదని, కావాలంటే కొత్త దీపం మీద తగ్గింపు ఇస్తామని రాశారు. వందేళ్ళు నిలిచే పింగాణీని నాలుగున్నరేళ్ళు నిలిచే పెట్టెకు జిగురుతో బంధించి, పెట్టె చెడితే పింగాణీని కూడా వదులుకోమనడం నాకు రుచించలేదు. స్పంజి పట్టుకున్న ఆమె చెయ్యి కళ్ళముందు మెదిలింది.

ఇక్కడ ముద్రల గురించి ఒక మాట చెప్పాలి. లిమోజ్ పింగాణీకి 2017 డిసెంబరులో ఫ్రాన్సులో భౌగోళిక గుర్తింపు లభించింది. తయారీ అంతా లిమోజ్ ఉన్న ఓత్-వియెన్ జిల్లాలోనే జరగాలన్నది దాని నియమం. పోచంపల్లి ఇక్కత్‌కో కొండపల్లి బొమ్మకో ఉన్న గుర్తింపు వంటిదే ఇది. ఆ ముద్ర పింగాణీ గురించి చెప్పేది నమ్మదగినదే, కానీ దాని లోపల ఏ డ్రైవర్ ఉన్నదో, దానిని మార్చవచ్చో లేదో అది చెప్పదు. కొనేటప్పుడు నేను పింగాణీ గురించి గంటసేపు అడిగాను, వెలుగు గురించి ఒక్క ప్రశ్నా వేయలేదు.

బాగుచేయించడానికి మా పేటలో పాత దీపాలకు తీగలు మార్చే ఒక పెద్దాయన దొరికాడు. ఆయన రెండు రోజులు దీపాన్ని ముట్టుకోకుండా కేవలం చూశాడట. మూడో రోజున సన్నని నైలాన్ దారాన్ని పింగాణీకీ పీఠానికీ మధ్య దూర్చి, ముందుకూ వెనక్కూ లాగుతూ సిలికోన్ జిగురును అంగుళం అంగుళం కోశాడు. పింగాణీకి ఒక్క గీత పడలేదు. పాత భాగాన్ని తీసేసి సన్న మర ఉన్న బల్బులు పట్టే మామూలు ఈ14 హోల్డర్ బిగించి, పీఠం అడుగున ఆరు చిన్న రంధ్రాలు వేసి, గొట్టాన్ని మూడు మెత్తని ఫెల్టు దిమ్మెల మీద కూర్చోబెట్టాడు. ఇప్పుడు గొట్టాన్ని రెండు చేతులతో పైకి లేపి ఎవరైనా బల్బు మార్చుకోవచ్చు. 85 యూరోలు తీసుకున్నాడు.

ఈ మార్పుతో ఒక నష్టమూ వచ్చింది. లోపలి గాజు గొట్టం జిగురుతో పాటు పగిలిపోయింది కనుక వెలుగు ఇప్పుడు మునుపటంత సమంగా లేదు, నడుము దగ్గర ఎక్కువగా, అడుగు ఆకుల దగ్గర మసకగా ఉంటుంది. కార్ఖానావారు చేసిన అమరిక వెలుగు విషయంలో మేలైనదని ఇప్పటికీ ఒప్పుకుంటాను.

బల్బు మార్చే వీలు దొరికాక మూడు రకాలు వాడి చూశాము. పారదర్శకమైన గాజులో తీగల్లా మెరిసే ఫిలమెంట్ రకం ఎల్‌ఈడీ విడిగా అందంగా ఉంటుంది కానీ, దాని తీగల చారలు ఆకుల మీద పడి బొమ్మను పాడుచేశాయి. బల్బు మీది కెల్విన్ అంకె పెరిగేకొద్దీ వెలుగు పసుపు ఛాయ తగ్గి నీలం వైపు పోతుంది; 4,000 కెల్విన్ బల్బు పెడితే పింగాణీ నీళ్ళు కలిపిన పాలలా నీలంగా తేలిపోయింది, ఆకులకు లోతు పోయింది. 2,700 కెల్విన్, మసక గాజు ఉన్నది మాత్రమే దీనికి నప్పింది. అందులోనూ సీఆర్‌ఐ (రంగులను ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 80 ఉన్నదీ 95 ఉన్నదీ రెండూ పెట్టి చూశాము. తెల్లని పింగాణీ మీద తేడా పెద్దగా తెలియదు, కానీ పక్కనున్న ఇత్తడి మీద, చెక్క బల్ల మీద, ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం మీద స్పష్టంగా తెలుస్తుంది. మామూలు తెల్ల ఎల్‌ఈడీ అంటే నీలి చిప్ మీద, ఆ నీలంలో కొంత భాగాన్ని పసుపు వెలుగుగా మార్చే ఫాస్ఫర్ పూతే కనుక, చవక రకాల్లో ఎరుపు పలుచబడుతుంది, చామనఛాయ ముఖాలు పాలిపోయినట్టు కనిపిస్తాయి. మా ఇంటివారి ముఖాలకు 95 రకమే కావాలి.

గోడకున్న పాత డిమ్మర్‌కు (వెలుగును తగ్గించే స్విచ్‌కు) దీనిని కలపవద్దు. కనీసం 40 వాట్ల లోడు కోసం చేసిన డిమ్మర్ మీద 5 వాట్ల బల్బు నిలకడగా వెలగదు. కరెంటు ఖర్చు లెక్కలోకి రాదు, ఏడాదికి తొమ్మిది యూనిట్ల లోపే.

శుభ్రం చేయడం నేను భయపడినంత కష్టం కాలేదు. గ్లేజు అనే గాజుపూత వేయని పింగాణీ కనుక దుమ్ము ఈనెల సందుల్లో పట్టుకుంటుంది, పది రోజులకొకసారి మెత్తని కుంచెతో దులపాలి. ఒక పండుగనాడు మా పాప పసుపు చేతులతో దానిని పట్టుకోగా అయిదు వేళ్ళూ చక్కగా అచ్చుపడ్డాయి. అంత వేడిలో కాలిన పింగాణీ గాజులా బిగిసిపోయి ఉంటుంది కనుక మరక లోపలికి ఇంకదు. గోరువెచ్చని సబ్బు నీళ్ళకు చాలావరకు పోయింది, మిగిలిన లేత పసుపు చాయ రెండు రోజులు కిటికీలో ఎండకు పెడితే వెలిసిపోయింది. బొటనవేలు పడిన ఆకును వెలిగించి దగ్గరగా చూశాను, ఏ జాడా లేదు.

డిసెంబరు 8న లియోన్‌వారు కిటికీల్లో గాజు గిన్నెలలో కొవ్వొత్తులు పెడతారు. 1852 నుంచి వస్తున్న ఆచారమది. ఆ రాత్రి మేము కొవ్వొత్తుల మధ్య ఈ దీపాన్ని కూడా కిటికీలో ఉంచుతాము. కొవ్వొత్తులకు పక్కనే పెట్టినా దీని వెలుగు వెలవెలబోదు, పరాయిగానూ అనిపించదు.

2024 వేసవిలో మళ్ళీ లిమోజ్ వెళ్ళాము. అదే కార్ఖానాలో అదే అచ్చు, కానీ పీఠం మారింది. డ్రైవర్ ఇప్పుడు తీగ చివర, ప్లగ్గులోనే ఉంది. ఎల్‌ఈడీ పలక మూడు స్క్రూలతో విడిపోతుంది, గాజు గొట్టం విడిగా కూర్చుంటుంది. పనిముట్లతో విప్పి వెలుగు భాగాన్ని మార్చుకునే వీలుండాలని చెప్పే యూరోపియన్ యూనియన్ నియమాలు 2021 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చాయి. కార్ఖానావారు వాటివల్ల మార్చారో, నా వంటివారి ఉత్తరాలవల్ల మార్చారో అడగలేదు. ఈ కొత్త అమరికలో ఉన్న దీపాన్ని ధర భరించగలిగిన ఎవరికైనా మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. 2018 నాటి అమరికలో ఉన్నది ఎవరైనా పాతదిగా అమ్మజూపితే, విప్పడానికి పనివాడు దగ్గరలో ఉంటేనే కొనండి. ఎక్కడ కొన్నా డబ్బు ఇచ్చే ముందు దీపాన్ని తలకిందులు చేయించి, వెలుగు భాగాన్ని మీ ఎదుటే విప్పి చూపించమని అడగండి. విప్పలేమని చెబితే పింగాణీ ఎంత బాగున్నా వదిలేయండి.

కొత్త పీఠం ఒక్కటీ విడిగా ఇస్తారేమో అడిగాను. ఇస్తామన్నారు, కానీ దాని నోరు మా పాత గొట్టం కంటే మూడు మిల్లీమీటర్లు పెద్దది. కాబట్టి మా దీపం పెద్దాయన బిగించిన హోల్డర్ మీదే కొనసాగుతోంది. సొరుగులో రెండు బల్బులు అదనంగా ఉన్నాయి, ఇప్పుడు వెలుగుతున్నదాని పెట్టె మీద బిగించిన తేదీ రాసి ఉంచాను.