మూసిన పెట్టె, కనిపించే ధర

వీడియో గేమ్‌లో డబ్బు అడగడం తప్పు కాదు. పేచీ అంతా ఎలా అడుగుతారన్న దగ్గరే. 2017 నవంబరులో వచ్చిన 'స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2' పూర్తి ధర పెట్టి కొనాల్సిన ఆట. అయినా స్టార్ వార్స్ విలన్ డార్త్ వేడర్‌గా ఆడాలంటే మొదట ఆటలో సంపాదించే నాణేలు, అంటే క్రెడిట్లు, 60,000 కూడబెట్టాలన్నారు. బలం పెంచే కార్డులేమో డబ్బుతోనూ కొనగల మూసిన పెట్టెల్లో, అంటే లూట్ బాక్సుల్లో పెట్టారు. తెరిచేదాకా లోపల ఏముందో తెలియదు. జాతరలో లక్కీ డ్రా కూడా ఇంతే కదా! అభిమానులు భగ్గుమన్నాక 60,000 కాస్తా 15,000 అయింది; విడుదల వేళకు ఆట లోపల డబ్బుతో కొనుగోళ్లే ఆపేశారు. 2018లో బెల్జియం ఇలాంటి పెట్టెలను జూదమని తేల్చింది.

చివరిదాకా మిగిలినవాళ్లే గెలిచే 'ఫోర్ట్‌నైట్' బ్యాటిల్ రాయల్ ఆట ఉచితం. ఆటలోని దుకాణంలో పాత్రకు తొడిగే వేషమూ కనిపిస్తుంది, ధరా కనిపిస్తుంది; కొన్నంత మాత్రాన తుపాకీ దెబ్బ పెరగదు. నా ఓటు దీనికే, కాస్త గొణుక్కుంటూనే. ధర డాలర్లలో కాక, డబ్బిచ్చి కొనుక్కునే ఆట నాణేలైన వీ-బక్స్‌లో ఉంటుంది. పదేళ్ల పిల్లవాడికి అసలు ఖర్చు ఎలా తెలుస్తుంది? పైగా వేషాన్ని ఊరికే చూడబోయి పక్క బటన్ తగిలినా డబ్బు కట్ అయ్యేదని అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే సంస్థ ఎఫ్‌టీసీ ఆరోపించింది. ఆ కేసులో 24.5 కోట్ల డాలర్లు చెల్లించేందుకు ఫోర్ట్‌నైట్ తయారీ సంస్థ ఎపిక్ గేమ్స్ 2022 డిసెంబరులో ఒప్పుకుంది.