అద్దె ఇంటి సామాన్లకు భారత్ గృహ రక్ష: వరదకు పనికొస్తుంది, దొంగతనానికి కాదు

అద్దెకున్నవాళ్లకు ఇన్సూరెన్స్ ఎందుకు, ఇల్లు ఓనరుదే కదా అని చాలామంది అంటారు. గోడలు ఓనరువే. గోడల మధ్యున్న ఫ్రిజ్, మంచాలు, పట్టుచీరలు, ల్యాప్‌టాప్‌లు మాత్రం మనవి. ఓనరు పాలసీ కట్టినా అందులో మన సామాన్లకు పైసా రాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్‌లో నీళ్లు రోజుల తరబడి నిలిచినప్పుడు కింది వాటాల్లో ముందు మునిగింది ఇలాంటి సామానే.

ఇలాంటివాటి కోసం ఇప్పుడున్న పాలసీ పేరు భారత్ గృహ రక్ష. బీమా కంపెనీల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ ఐఆర్‌డీఏఐ దీని షరతులన్నీ తానే రాసి, 2021 ఏప్రిల్ 1 నుంచి ఇళ్లకు అగ్నిప్రమాద బీమా అమ్మే జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలన్నీ అమ్మేలా చేసింది. కాబట్టి ఏ కంపెనీ దగ్గర కొన్నా అసలు కవర్ ఒకటే. తేడా వచ్చేది ప్రీమియంలో, అదనపు కవర్లలో, క్లెయిమ్ దగ్గర వాళ్లు పలికే తీరులో. ఐదారు లక్షల సామానుకు మూల కవర్ ఏడాదికి సాధారణంగా వందల్లోనే తేలుతుంది. 18 శాతం జీఎస్టీ అదనం. ఆ డబ్బుకు ఇది మంచి సరుకే. కాకపోతే ఏం కొంటున్నామో తెలిసి కొనాలి.

ఏమేం వస్తాయంటే: మంటలు, పేలుడు, పిడుగు, భూకంపం, తుపాను, వరద, నేల కుంగడం, కొండచరియలు, చెట్టో బండో వచ్చి గుద్దడం, అల్లర్లు, ఉగ్రవాద చర్య. వీటితోపాటు నీళ్ల ట్యాంకులు, పైపులు పగిలినా పొంగినా జరిగే నష్టం కూడా. అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా అక్కరకొచ్చేది ఈ చివరిదే. పై ఫ్లాట్ పైపు పగిలి మన హాల్లో సోఫా, టీవీ తడిస్తే ఇందులో అడగొచ్చు. గోడకు నెలల తరబడి చెమ్మ దిగి బీరువా వెనక బూజు పడితే మాత్రం రాదు. అది ప్రమాదం కాదు, అరుగుదల.

ఇక అసలు మెలిక. దొంగతనం. పాలసీ కాగితంలో "దొంగతనం" అన్న మాట కనబడుతుంది. ఏజెంట్లు దాన్నే చూపించి అమ్ముతారు. ఆ వాక్యం పూర్తిగా చదివితే, పైన చెప్పిన ప్రమాదాల్లో ఏదో ఒకటి జరిగి, దాని వల్లే, 7 రోజుల్లోపు జరిగిన దొంగతనం అని ఉంటుంది. అంటే వరదొచ్చి ఇల్లు వదిలి వెళ్తే ఎవరో టీవీ ఎత్తుకుపోయినప్పుడు వస్తుంది. సంక్రాంతికి ఊరెళ్తే తాళం పగలగొట్టి దోచుకుపోతే రాదు. దానికి బర్గ్లరీ కవర్ (ఇంట్లో చొరబడి చేసే దొంగతనానికి బీమా) విడిగా తీసుకోవాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో అపార్ట్‌మెంట్ లీజు రాసేటప్పుడు చాలాచోట్ల రెంటర్స్ ఇన్సూరెన్స్ తప్పనిసరి అంటారు. లక్ష డాలర్ల లయబిలిటీ కవర్ (మన వల్ల ఇతరులకు జరిగే నష్టానికి బీమా) అడగడం అక్కడ మామూలు. హెచ్‌ఓ-4 అని పిలిచే ఆ రెంటర్స్ పాలసీలో దొంగతనం ఉంటుంది, వరద ఉండదు, భూకంపం ఉండదు. మన భారత్ గృహ రక్ష సరిగ్గా తిరగేసినట్టు: వరద, భూకంపం ఉంటాయి, మామూలు దొంగతనం ఉండదు. అక్కడి అలవాటుతో ఇక్కడ అమ్మానాన్నల అద్దె ఇంటికి పాలసీ తీసేవాళ్లు, ఇక్కడి అలవాటుతో అక్కడ ఉండేవాళ్లు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి.

ఇంకో తేడా లయబిలిటీ. మన వంటింట్లో గ్యాస్ అంటుకుని ఓనరు గోడలు, పక్కింటివాళ్ల సామాను కాలితే, సామాన్ల కవర్ ఆ నష్టం కట్టదు. ఆయిల్ కంపెనీలు ఎల్‌పీజీ కనెక్షన్లకు తీసే బీమాలో ఆస్తి నష్టానికి ఒక ఘటనకు గరిష్ఠంగా 2 లక్షలుంటుంది. అదీ కనెక్షన్ రిజిస్టరైన చిరునామాలో జరిగితేనే. అద్దెకుండేవాళ్లలో పాత ఇంటి అడ్రస్ మీదున్న సిలిండరే ఇల్లిల్లూ మోసుకుతిరిగేవాళ్లు ఎందరో. చిరునామా మార్పించుకోవడానికి ఏజెన్సీకి ఒక్కసారి వెళ్తే చాలు.

పాలసీ కోసం నింపే ప్రపోజల్ ఫారం దగ్గర రెండు తప్పులు తరచూ జరుగుతాయి. ఓనర్లు బిల్డింగ్‌కు పాలసీ తీస్తే, బిల్డింగ్ విలువలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా, సామాన్లకు దానంతటదే కవర్ వస్తుంది. మనకూ అలాగే వస్తుందనుకోవడం మొదటి తప్పు. అద్దెకున్నవాళ్లకు ఆ సదుపాయం లేదు. మనం రాసిన మొత్తమే మన కవర్. రెండోది, ఏజెంటు పొరపాటున బిల్డింగ్ గడి కూడా నింపడం. మనది కాని గోడలకు ప్రీమియం కట్టడమే మిగులుతుంది. "హోమ్ కంటెంట్స్" ఒక్కటే టిక్ చేయించండి.

మొత్తం ఎంత రాయాలి? చాలామంది గాల్లో రెండు లక్షలంటారు. కాగితం మీద పెడితే లెక్క వేరుగా ఉంటుంది. రెండు పడగ్గదుల ఇంటికి ఉదాహరణ: ఫ్రిజ్ 30,000, వాషింగ్ మెషీన్ 25,000, టీవీ 40,000, ఏసీ 40,000, ఇన్వర్టర్ బ్యాటరీతో 25,000, రెండు ల్యాప్‌టాప్‌లు 1,20,000, పరుపులతో రెండు మంచాలు 60,000, సోఫా 35,000, బీరువా 20,000, వంటింటి సామగ్రి మొత్తం 50,000, బట్టలు లక్ష. కలిపితే 5,45,000. ఇవన్నీ ఇవాళ కొత్తవి కొంటే అయ్యే ధరలు, ఎప్పుడో కొన్న ధరలు కావు. బట్టలకు లక్షా అనుకుంటారేమో, నాలుగు పట్టుచీరలు లెక్కేస్తే తెలుస్తుంది.

తక్కువ రాసినా భారత్ గృహ రక్షలో దామాషా కోత (తక్కువ రాసిన నిష్పత్తిలోనే క్లెయిమ్ తగ్గించడం) లేదు, రాసిన మొత్తం వరకు నష్టం కడతారు. విడిగా తీసుకునే బర్గ్లరీ పాలసీలో ఈ దయ ఉండకపోవచ్చు. ఆరు లక్షల సామానుకు మూడు లక్షలే రాసి, లక్ష విలువైనవి పోతే, ఆ కోత పెట్టే యావరేజ్ క్లాజు ఉంటే చేతికొచ్చేది 50,000. మొత్తం సామాను విలువతో పోల్చి కోత పెట్టకుండా, ఎంచుకున్న మొత్తం వరకు కట్టే "ఫస్ట్ లాస్" పద్ధతిలో ఇస్తారా అని అడగండి. తలుపు, తాళం పగిలిన ఆనవాళ్లు లేకపోతే, పనిమనిషి మీద అనుమానమైతే, ఇల్లు షరతులో రాసినన్ని రోజులకు మించి ఏకబిగిన ఖాళీగా ఉంటే కుదరదనే నిబంధనలు చాలా బర్గ్లరీ పాలసీల్లో కనిపిస్తాయి. ఆ మూడూ చూశాకే సంతకం.

నగలు మామూలు సామాను కింద రావు. "విలువైన వస్తువులు" అని విడిగా ఎంచుకోవాలి. మొత్తం 5 లక్షల లోపు, ఒక్కో వస్తువు లక్ష లోపు అయితే వాల్యుయేషన్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఇందులోనూ దొంగతనం షరతు అదే, మర్చిపోవద్దు. నగదు, డాక్యుమెంట్లు, వాహనాలు రావు. ఇంటి బయటికి తీసుకెళ్లిన వస్తువులకూ కవర్ లేదు, కాబట్టి ల్యాప్‌టాప్ బస్సులో పోతే ఇందులో అడగలేం.

ఎలక్ట్రిక్ వస్తువుల విషయంలో ఒక వాక్యం ఉంది. వోల్టేజీ పెరిగో, షార్ట్ సర్క్యూటయ్యో ఒక పరికరం కాలిపోతే ఆ పరికరానికి రాదు. పిడుగు వల్ల అలా జరిగినా అంతే. దాన్నుంచి మంట లేచి పక్కనున్న కర్టెన్లు, సోఫా కాలితే వాటికి మాత్రం వస్తుంది. అందుకే వరద తగ్గాక "పనిచేస్తుందేమో చూద్దాం" అని తడిసిన టీవీ, ఫ్రిజ్ స్విచ్ వేయకండి. ప్రాణాపాయం ఎలాగూ ఉంది. పైగా అందులో ఏదైనా కాలితే, నీళ్లకు పోయిందా, షార్ట్ సర్క్యూట్‌కు పోయిందా అన్న గొడవకు మనమే తావిచ్చినట్టు. మెకానిక్ చేత విప్పించి, నీళ్లు చేరాయని రిపోర్టు రాయించుకోండి.

ఎన్నేళ్లకు తీసుకోవాలంటే, పదేళ్ల దాకా ఇస్తారు గానీ అద్దెకుండేవాళ్లకు ఒక ఏడాది చాలు. పాలసీ ఆ చిరునామాకే కట్టుబడి ఉంటుంది. పదకొండు నెలల అగ్రిమెంటు అయ్యాక ఇల్లు మారితే కొత్త అడ్రస్‌కు ఎండార్స్‌మెంట్ (పాలసీలో మార్పు) చేయించేదాకా కవర్ పాత ఇంట్లోనే కూర్చుంటుంది. లారీలో సామాను వెళ్తున్నప్పుడు జరిగే నష్టం దీనిలోకి రాదు. ఒకే ఫ్లాట్‌లో ముగ్గురు బ్యాచిలర్లుంటే ఒకరి పేరున్న పాలసీ మిగతా ఇద్దరి సామాను కాయదు. ఫర్నిష్డ్ ఫ్లాట్ అయితే ఓనరు ఏసీ, మంచాలు మన లెక్కలో కలపకండి.

ఇల్లు ఉండడానికి పనికిరాకపోతే వేరేచోట కట్టే అదనపు అద్దె గురించి ఒక క్లాజుంది, కానీ అది బిల్డింగ్ కవర్ కింద ఉంది. సామాన్లకే తీసుకున్నవాళ్లకు వర్తిస్తుందా అని కొనేముందే మెయిల్లో రాయించుకోండి. ఫోన్లో "వస్తుంది సార్" అన్న మాటకు విలువ లేదు.

పాలసీ వచ్చిన రోజే చేయాల్సిన పని ఒకటుంది: ఐదు నిమిషాల వీడియో. గది గది తిరిగి, బీరువా తలుపులు తెరిచి, ఫ్రిజ్, ఏసీల మీదున్న సీరియల్ నంబర్ స్టిక్కర్లు దగ్గరగా తీసి, మీ మెయిల్‌కే పంపుకోండి. ఫోనే మునిగిపోతే వీడియో మిగలాలి కదా. అగ్రిమెంట్ కాపీ, బిల్లులు కూడా అందులోనే.

నష్టం జరిగాక వెంటనే కంపెనీకి చెప్పాలి. మంటలైతే ఫైర్ స్టేషన్ రిపోర్టు, దొంగతనం, అల్లర్లయితే ఎఫ్ఐఆర్. క్లెయిమ్ ఫారం 30 రోజుల్లోపు ఇచ్చేయండి. నష్టం లెక్కగట్టే సర్వేయర్ రాకముందు తడిసిన పరుపులు చెత్తబండికి వేయడం అందరూ చేసే తప్పు. కంపు భరించలేక పారేయాల్సి వస్తే ముందు ఫొటోలు తీసి, పారేస్తున్నామని కంపెనీకి మెయిల్ పెట్టి పారేయండి. 2024 జూన్ నాటి ఐఆర్‌డీఏఐ సర్క్యులర్ ప్రకారం 24 గంటల్లో సర్వేయర్‌ను కేటాయించాలి, 15 రోజుల్లో అతని రిపోర్టు రావాలి, ఆపై 7 రోజుల్లో కంపెనీ తేల్చాలి. తేల్చకపోతే ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాసి, 30 రోజుల్లో జవాబు రాకున్నా, వచ్చిన జవాబు నచ్చకున్నా బీమా ఫిర్యాదులు తేల్చే, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ ఆఫీసే. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.