కౌన్సిల్ సమావేశాలకు ఏళ్ల తరబడి వెళ్లాక నా రివ్యూ

ముందు రేటింగ్ చెప్పేస్తాను: ఐదుకి ఒకటిన్నర. ఒక్కసారి వెళ్లి ఒళ్లు మండి రాస్తున్నది కాదండీ ఇది. మా వీధి మురుగు కాలువ గొడవతో మొదటిసారి అక్కడ అడుగుపెట్టాను, ఆ కాలువ సంగతి తేలిపోయి ఏళ్లు గడిచినా వెళ్తూనే ఉన్నాను. ఇప్పుడు నేను తలుపు తోసుకుని లోపలికి రాగానే సభ్యుల్లో ఒకాయన ‘మళ్లీ తయారు’ అన్నట్టు వాచీ చూసుకుంటాడు.

ఆలస్యం గురించి ఎక్కువ చెప్పను. కోరం లేదని కూర్చోబెడతారు, ఫోన్లు చేసి ఒక్కొక్కరినీ రప్పిస్తారు, తలలు లెక్కకి సరిపోగానే సంతాప తీర్మానాలు, అభినందన తీర్మానాలు, ఫొటోలు. అంతవరకూ ఓపిక పట్టొచ్చు.

ఓపిక పట్టలేనిది ఏమిటంటే, అధ్యక్ష స్థానంలో కూర్చున్న మనిషి సభని నడపడు. కూర్చుంటాడు, అంతే. హాల్లో ఉన్నది ఒక్కటే వైరు మైకు, అది ఎవరి చేతికి అందితే వాళ్లు వదలరు, అందనివాళ్లు లేచి నిలబడి అరుస్తారు, ఆ అరుపులు రికార్డులోకి ఎక్కవు, వెనక కూర్చున్న మాకు అర్థమూ కావు. ఒకసారి కొత్త భవనం శిలాఫలకం మీద ఎవరి పేరు ముందుండాలి అన్నదాని మీద గంట పైనే నడిచింది, ఇద్దరు వాకౌట్ చేసి, బయట టీ తాగి మళ్లీ వచ్చి అదే వాదన అక్కడి నుంచే అందుకున్నారు. అదే సాయంత్రం ఏడాది బడ్జెట్ సవరణల్ని మాత్రం ‘చదివినట్టుగా భావించి’ ఆమోదించేశారు. పేజీ తిప్పిన చప్పుడు కూడా వినలేదు నేను.

పాత జబ్బే ఇది. 1863లో హెన్రీ రాబర్ట్ అనే అమెరికా సైనిక ఇంజనీరుని ఒక చర్చి సభకి అధ్యక్షత వహించమంటే, ఎలా నడపాలో తెలియక సభ రచ్చరచ్చ అయింది. ఆ తలవంపులతో పట్టుబట్టి నేర్చుకుని 1876లో సభా నియమాల పుస్తకమే అచ్చువేశాడాయన, ఇప్పటికీ ఎన్నో సంస్థలు దాన్నే పాటిస్తున్నాయి. ఒక సమయంలో ఒకే అంశం, అధ్యక్షుడు పిలిచాకే మాట్లాడటం, ఒకసారి మాట్లాడినవాళ్ల కంటే అసలు మాట్లాడనివాళ్లకి ముందు అవకాశం. ఇంతే కదా. ‘కూర్చోండి, మీ వంతు అయిపోయింది’ అన్న ముక్క సొంత పార్టీవాళ్లతో కూడా అనగలిగితే మా అధ్యక్షుడికి ఆ పుస్తకంతో కూడా పనిలేదు.

ఇక టేబుల్ అజెండా. అసలు వ్యవహారమంతా ఇక్కడే ఉంది. ముందు పంపిన అజెండాలో లేని అంశాన్ని అత్యవసరం పేరుతో అప్పటికప్పుడు బల్ల మీద పెడతారు. చెత్త బండ్లు నిలిపే స్థలాన్ని ఇళ్ల మధ్యకి మార్చే తీర్మానం మా దగ్గర ఇలాగే వచ్చింది. చాలా పొద్దుపోయింది, సగంమంది సంచులు సర్దుకుంటున్నారు. జిరాక్స్ వేడి కూడా ఆరని ఒక్క కాగితం పంచారు, ఒకాయన గుక్క తిప్పుకోకుండా చదివాడు, ‘ఆమోదమేనా?’ ‘ఆమోదం, ఆమోదం.’ వద్దన్న ఇద్దరి గొంతులు ఆ మూజువాణి ఓటులో, అంటే నోటితో చెప్పే ఓటులో, కలిసిపోయాయి. ఆ తర్వాత, సరిగ్గా ఆ తర్వాత, ‘ఇప్పుడు ప్రజలు మాట్లాడవచ్చు’ అన్నారు. నిర్ణయం అయిపోయిన విషయం మీద మేం మాట్లాడి ఏం చేయాలి? అయినా ఒక పెద్దావిడ లేచి, ఆ స్థలం పక్కనే పిల్లల బడి ఉందని చెప్పింది. అధ్యక్షుడు ‘మీ అభిప్రాయం నోట్ చేసుకున్నాం’ అన్నాడు. పెన్ను ఎవరి చేతిలోనూ లేదు.

నాకు అర్థమైనంతలో రోగమంతా ఈ వరసలోనే ఉంది. జనం మాట ఓటుకి ముందు రావాలి, ఓటు వేసే అంశం జనానికి ముందే తెలియాలి. ఇది గొంతెమ్మ కోరికేం కాదు. కాలిఫోర్నియాలో 1953 నాటి బహిరంగ సమావేశాల చట్టం కింద మామూలు సమావేశం అజెండాని 72 గంటల ముందే బయట పెట్టాలి, కొద్దిపాటి మినహాయింపులు తప్ప అందులో లేని అంశం మీద నిర్ణయం తీసుకోకూడదు. ఇంగ్లండ్‌లో మన గ్రామ పంచాయతీ లాంటి చిన్న పారిష్ కౌన్సిల్ అయినా కనీసం మూడు పూర్తి రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అలాగని నోటీసు ఇచ్చిన చోటల్లా సభలు పద్ధతిగా జరుగుతాయనీ కాదు. ఆ ఇంగ్లండ్‌లోనే హ్యాండ్‌ఫోర్త్ పారిష్ కౌన్సిల్ 2020 డిసెంబరులో ఆన్‌లైన్‌లో పెట్టుకున్న సమావేశంలో ఏకంగా ఛైర్మన్‌నే బయటికి పంపించేయాల్సి వచ్చింది, రెండు నెలలకి ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది. అందరూ పడీపడీ నవ్వారు. నాకైతే నవ్వు రాలేదు, ఆ గొంతులన్నీ తెలిసినవాళ్లవే అనిపించాయి.

మరి ఒకటిన్నర ఎందుకు ఇచ్చానంటే, ఒకటి తలుపులు మూయకుండా ఉంచుతున్నందుకు. అర మాత్రం మినిట్స్ రాసే ఉద్యోగికి. ఆ గోలలో కూర్చుని ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు, ఎవరు వ్యతిరేకించారు అన్నది పేర్లతో సహా పొల్లుపోకుండా రాస్తాడు. చెత్త బండ్ల తీర్మానం కాపీ చేతికొచ్చాక, బయట ‘నేను వద్దనే అన్నాను’ అని చెప్పుకు తిరుగుతున్న మా వార్డు సభ్యుడే దాన్ని బలపరిచాడని మాకు తెలిసింది ఆయన రాత వల్లే.

కొత్తగా వెళ్లాలనుకునేవాళ్లకి ఒక్క మాట. మైకు దొరుకుతుందన్న ఆశ పెట్టుకోకండి. చెప్పాల్సింది ఒక పేజీలో రాసి సమావేశానికి ముందురోజే ఆఫీసులో ఇచ్చి, ముద్ర వేసిన రసీదు అడిగి తీసుకోండి, ‘రేపు తెండి, చూద్దాం’ అంటే మాత్రం కదలొద్దు. అక్కడ నోటితో ఎంత చెప్పినా గాలికి పోతుంది. కాగితం ఇస్తే కనీసం ‘వినతి అందినది’ అన్న ఒక్క లైనయినా మినిట్స్‌లో పడుతుంది, తర్వాత పై అధికారుల దగ్గరికి వెళ్తే చూపించడానికి చేతిలో ఆ లైను ఉంటుంది.