పెయింట్ మందం చూపే మీటరు: నాన్న కార్లతో మొదలై మూడేళ్ల వాడకం

ఈ మీటరు నేను కొన్నది ఒకే ఒక్క పని కోసం. నాన్న వదిలి వెళ్ళిన రెండు కార్లు, 1978 ప్రీమియర్ పద్మిని, 1984 అంబాసిడర్ మార్క్ 4, అన్నయ్యా నేనూ చెరొకటి తీసుకోవాలి. ఏది ఎంత చేస్తుందో తేలితే గానీ ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలో తెలీదు. విజయవాడ ఆటోనగర్‌లో ముగ్గురిని అడిగితే మూడు ధరలు చెప్పారు. ముగ్గురిదీ ఒకే మాట మాత్రం: తెల్లగా మెరిసే అంబాసిడర్‌కే ఎక్కువ, రంగు వెలిసిన పద్మినికి తక్కువ.

రేకుకి ఆనించగానే అంకె వస్తుంది. నాకు ప్రాణంలా నచ్చింది ఆ అంకే. దానికి మొహమాటం లేదు, బేరం లేదు.

భవానీపురంలో మా ఇంటి షెడ్డులో ఒక ఆదివారం పొద్దున్న నేను మీటరు పెడుతుంటే అన్నయ్య నోట్‌బుక్‌లో రాశాడు. పద్మిని టాపు 105, బానెట్ 118, తలుపు స్తంభం 96. కంపెనీ రంగు సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది, మళ్ళీ కొడితే అది రెండింతలవుతుంది, సొట్ట పూడ్చడానికి లప్పం పెట్టి ఉంటే వెయ్యి దాటిపోతుంది. అంటే మేం చిన్నచూపు చూసిన పద్మిని మీద ఉన్నది 1978 నాటి రంగే! అన్నయ్య రాయడం ఆపి కాసేపు టాపు మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయాడు.

తర్వాత అంబాసిడర్. బానెట్ 240. రంగు కొట్టించారని తెలిసిందే. వెనక ఎడమ తలుపు దగ్గర మాత్రం 1,640 వచ్చింది. బ్యాటరీ అయిపోయిందేమో అనుకుని, మీటరుతో పాటు ఇచ్చిన ఇనుప బిళ్ళ మీద సున్నా సరిచేసి మళ్ళీ పెట్టాను. అదే 1,640. కాఫీ తెచ్చిన అమ్మ ఆ తలుపు వైపు చూసి గ్లాసులు గట్టు మీద పెట్టేసింది.

"పుష్కరాల ఏడు లారీ గుద్దింది రా. మీరు హైదరాబాద్‌లో పరీక్షల్లో ఉన్నారు. పిల్లలు కంగారు పడతారు, చెప్పొద్దన్నారు మీ నాన్న."

2004 సంగతి. ఆ తలుపు ఎన్నిసార్లు తీసి ఎక్కానో.

నోట్‌బుక్ చూపించగానే ఆటోనగర్ ఆయన మాట మారింది. పద్మిని ధర పెరిగింది, అంబాసిడర్‌ది తగ్గింది. ఆ నెలంతా కనబడ్డవాళ్ళందరికీ ఈ మీటరు కొనమని చెప్పాను.

ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. రెండు నెలల తర్వాత అన్నయ్య పద్మిని డ్రైవరు కాళ్ళ దగ్గర రబ్బరు మ్యాట్ ఎత్తి స్క్రూడ్రైవరుతో పొడిస్తే అది కిందికి దిగిపోయింది. ఈ కార్లకి విడిగా ఛాసిస్ ఫ్రేమ్ ఉండదు, బాడీయే ఎముకల గూడు. ఫ్లోర్ తుప్పు పట్టిందంటే ధరలో సగం మాట అక్కడే పోతుంది. మీటరు పైరంగు చెబుతుంది గానీ అడుగున తినేసిన రేకు గురించి చెప్పదు. అంబాసిడర్ ఫెండర్ లాంటి వంపుల మీద అంకె ఎగిరిపడుతుంది, నాలుగైదు చోట్ల పెట్టి చూసుకోవాలి. రేకు దాకా గీకేసి పలచగా రంగు కొట్టిన కారు కూడా కొత్తదానిలా అంకె చూపిస్తుంది. అందుకే నాన్న స్నేహితుల కార్లు చూడమంటే ఇప్పుడు ముందు ఆర్సీలో ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు సరిపోయాయా అని చూసి, మ్యాట్లు ఎత్తాకే మీటరు బయటికి తీస్తున్నాను.

యాభై ఏళ్ళు దాటిన బండ్లకి 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధన వచ్చింది. బాడీ, ఇంజన్, ఛాసిస్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. మా పద్మినికి 2028లో యాభై నిండుతాయి కాబట్టి అన్నయ్య ఫ్లోర్‌కి అతుకు వేయించే ముందు చాలా ఆలోచిస్తున్నాడు.

ఇంట్లో రెండు మూడు పాత కార్లుండి, మనుషుల మధ్య లెక్క తేలాల్సి ఉంటే కొనండి. ఒక్క కారే అయితే ఎవరిదైనా అడిగి ఒక పూట వాడుకుంటే చాలు. అంబాసిడర్ నేను తీసుకున్నాను. ఆ తలుపుకి అన్నయ్య ధర తగ్గిస్తానన్నాడు, నేనే వద్దన్నాను.