శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక రోజు జపాన్: టీ గార్డెన్, జపాన్‌టౌన్, వేడినీళ్ల స్నానం

బే ఏరియాలో ఉండే మనవాళ్లు ఇండియా నుంచి అమ్మానాన్నలు రాగానే గోల్డెన్ గేట్ బ్రిడ్జి, లొంబార్డ్ వీధి మలుపులు చూపించి, సాయంత్రానికల్లా బిర్యానీ వెతుక్కుంటూ ఫ్రీమాంట్ వైపు తిరిగొచ్చేస్తారు. ఆ ఊళ్లోనే ఇంకో రోజు జపాన్ కోసం పెట్టుకోమని నా సలహా. మావాళ్లకు బ్రిడ్జి కంటే ఇదే ఎక్కువ నచ్చింది.

పొద్దున్నే గోల్డెన్ గేట్ పార్కులోని జపనీస్ టీ గార్డెన్‌కు వెళ్లండి. సోమ, బుధ, శుక్రవారాల్లో తొమ్మిది నుంచి పది లోపల వెళ్తే టికెట్ ఉండదు. బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి. టికెట్ సంగతి ఎలా ఉన్నా తొమ్మిదింటికే ఉండటం మంచిది. పదకొండు దాటితే సెల్ఫీల గుంపులు మొదలై, ఆ తోటకు ప్రాణమైన నిశ్శబ్దం పోతుంది.

1894లో ఇక్కడ జరిగిన ఎగ్జిబిషన్ కోసం దీన్ని మొదట వేశారు. ఎగ్జిబిషన్ అయిపోయాక మకోటో హగివారా అనే జపాన్ తోట నిపుణుడు దీన్ని శాశ్వతమైన తోటగా పెంచారు. అమెరికాలో ప్రజలకోసం తెరిచిన జపనీస్ తోటల్లో ఇదే అన్నిటికన్నా పాతది. ఆయన 1925లో కన్నుమూశాక కూడా కుటుంబం అక్కడే ఉంటూ తోటను చూసుకుంది. 1942లో, రెండో ప్రపంచ యుద్ధ సమయంలో, పశ్చిమ తీరంలోని జపాన్ మూలాల వాళ్లందరినీ ప్రభుత్వం నిర్బంధ క్యాంపులకు తరలించింది. అందులో హగివారా కుటుంబం కూడా ఉంది. తర్వాత వాళ్ల ఇల్లు కూల్చేశారు, తోట పేరు కూడా ‘ఓరియంటల్ టీ గార్డెన్’ అని మార్చేశారు. పాత పేరు 1952లో గానీ తిరిగి రాలేదు. ఆ ఇల్లున్న చోటే ఇప్పుడు చుట్టూ కంటే కాస్త పల్లంగా ఒక తోట కనిపిస్తుంది. ఈ కథ తెలిసి నడిస్తే ప్రతి చెట్టూ వేరుగా కనిపిస్తుంది. అందుకే దీన్ని ముందే చెబుతున్నాను.

లోపల అర్ధచంద్రాకారపు చెక్క వంతెన ఫొటోల్లో బాగుంటుంది కానీ ఎక్కడం నిచ్చెన ఎక్కినంత పని. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను బలవంతపెట్టకండి. దానికి బదులు 1790లో జపాన్‌లో పోతపోసిన కంచు బుద్ధుడి దగ్గర కాసేపు కూర్చోనివ్వండి. మా అమ్మ అక్కడ దణ్ణం పెట్టుకుని చాలాసేపు కదల్లేదు. టీ హౌస్‌లో చెరువు పక్క బల్ల దొరికితే ధర గురించి ఆలోచించకుండా ఒక గ్రీన్ టీ తాగండి. చైనీస్ హోటళ్లలో బిల్లుతో ఇచ్చే, లోపల జోస్యం చీటీ ఉండే ఫార్చ్యూన్ కుకీని ఈ దేశంలో జనానికి పరిచయం చేసింది హగివారాయేనని ఊళ్లో చాలామంది చెబుతారు.

అక్కడి నుంచి 44 నంబరు బస్సెక్కి గేరీ రోడ్డు మీద దిగి, 38 పట్టుకుంటే జపాన్‌టౌన్ వస్తుంది. మొదటి చూపుకు నిరాశగానే ఉంటుంది. ఐదంతస్తుల కాంక్రీట్ పగోడా (బౌద్ధ గోపురం), రెండు పాత మాల్స్, అంతే. 1906 భూకంపం తర్వాత జపాన్ కుటుంబాలు ఈ పేటకు వచ్చి స్థిరపడ్డాయి. క్యాంపుల నుంచి తిరిగొచ్చి మళ్లీ నిలదొక్కుకుంటున్న వేళ, నగర పునర్నిర్మాణం పేరుతో ఇళ్లు పడగొట్టి, గేరీ రోడ్డు వెడల్పు చేసి, 1968లో ఈ మాల్స్ తెరిచారు. అందుకే మాల్స్ లోపలి బొమ్మల షాపుల్లో టైమ్ అంతా పెట్టకండి. కినోకునియా పుస్తకాల షాపు మాత్రం తప్పకుండా చూడాలి. కొనకపోయినా కాగితాలు, పెన్నుల దగ్గరే గంట గడిచిపోతుంది. పోస్ట్ వీధిలో 1925 నుంచి ఉన్న సోకో హార్డ్‌వేర్ నాకు అన్నిటికంటే ఇష్టం. కత్తులు, రంపాలు, టీ కప్పులు అన్నీ ఒకే కప్పు కింద ఉంటాయి, ఇక్కడి ఇళ్లలో నిజంగా వాడే వస్తువులు. పక్కనే బుకానన్ వీధిలో శిల్పి రూత్ అసావా చేసిన ఓరిగామి (కాగితం మడతల) ఫౌంటెన్లకు పేరుంది. ఆవిడ కూడా చిన్నవయసులో క్యాంపులో గడిపినవారే.

భోజనం దగ్గర శాకాహారులు కాస్త జాగ్రత్తగా ఉండాలి. మీసో సూప్, ఉడాన్ నూడుల్స్ చారు, ఆఖరికి టెంపురా (జపాన్ బజ్జీలు) పక్కన ఇచ్చే సాస్ కూడా ఎక్కువచోట్ల ఎండు చేపతో కాచిన దాషి అనే చారు నీళ్లతోనే చేస్తారు. ‘వెజిటేరియన్’ అంటే చాలదు, ‘దాషిలో చేప ఉందా’ అని విడిగా అడగాలి. ఒక రామెన్ హోటల్లో వెజ్ అని మెనూలో రాసినదాన్నే తెప్పించుకుని, అనుమానంతో మళ్లీ అడిగితే చారు చేపదేనని చెప్పారు. దోసకాయ సుషీ దాదాపు ఎక్కడైనా పనికొస్తుంది. నిజియా సూపర్ మార్కెట్‌లో బీన్స్ ముద్ద పెట్టిన మోచీ (బియ్యప్పిండి మిఠాయి) కొనండి. మన బొబ్బట్టు పూర్ణంలో తీపి తగ్గించినట్టుంటుంది, నాన్న రెండు తిన్నారు. 1906 నాటి బెంక్యోడో మోచీ దుకాణం 2022లో మూతపడటం మాత్రం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

వీలైతే ఆ రాత్రి అక్కడే ఉండండి. హోటల్ కబుకి జపాన్‌టౌన్‌లోనే ఉంది. గది ధర డౌన్‌టౌన్‌తో సమానంగా ఉన్నా, రాత్రి తొమ్మిది తర్వాత నడిచి గదికి చేరే సుఖం వేరు. కారుతో వస్తే జపాన్ సెంటర్ గ్యారేజీ పక్కనే, కానీ శనివారం మధ్యాహ్నం చోటు దొరకడం కష్టం. జపాన్‌టౌన్‌లోని కబుకి స్ప్రింగ్స్ స్నానశాలలో వేడినీళ్ల తొట్టి, చన్నీళ్ల తొట్టి, ఆవిరి గది ఉంటాయి. కొన్ని రోజులు ఆడవాళ్లకు, కొన్ని రోజులు మగవాళ్లకు కేటాయిస్తారు. ఆ రోజుల్లో చాలామంది బట్టల్లేకుండానే స్నానం చేస్తారు, మాటలు దాదాపు ఉండవు. అలవాటు లేనివాళ్లకు మొదట్లో టెన్షన్‌గా ఉంటుంది. అందరూ కలిసి వెళ్లగలిగే రోజున స్విమ్ సూట్ తప్పనిసరి కాబట్టి మొదటిసారికి అదే నయం.

బార్ట్ రైల్లో మిల్‌బ్రే వైపు నుంచి వచ్చేవాళ్లు శాన్ బ్రూనో స్టేషన్‌లో ఒకసారి దిగండి. 1942లో శాన్‌ఫ్రాన్సిస్కో జపాన్ కుటుంబాలను ముందుగా ఉంచింది ఆ పక్కనే ఉన్న టాన్‌ఫోరాన్ గుర్రప్పందేల మైదానంలో, గుర్రాల కొట్టాల్లో. ఇప్పుడు స్టేషన్ బయట వాళ్ల స్మారకం ఉంది, చూడటానికి పది నిమిషాలు చాలు.

ఏప్రిల్‌లో రెండు వారాంతాల్లో జరిగే చెర్రీ బ్లాసమ్ ఫెస్టివల్‌కు జనం విపరీతం. చిన్నపిల్లలతో అయితే ఆఖరి పరేడ్ రోజు వద్దు, ముందు వారాంతం చాలు. సౌత్ బేలో ఉన్నవాళ్లు జూలైలో శాన్ హోసే జపాన్‌టౌన్‌లో జరిగే ఓబోన్‌కు వెళ్లండి. పోయిన పెద్దలను తలచుకుంటూ వీధిలో అందరూ కలిసి నాట్యం చేస్తారు. వచ్చినవాళ్లను కూడా వరసలో కలుపుకుంటారు, అడుగులు రాకపోయినా ముందున్నవాళ్లను చూస్తూ వేసేయొచ్చు.